గుండు కింద ఇల్లు

ధర్మవరంలో మగ్గం పని తగ్గిపోయాక నాయన ఏడాది పాటు దిక్కుతోచక తిరిగాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చిందని, క్యాంటీన్‌లో ఆడవాళ్ళను తీసుకుంటున్నారని విని అమ్మే మమ్మల్ని బయల్దేరదీసింది. అమ్మకు పని దొరికింది. ఉండటానికే చోటు దొరకలేదు.

ఫ్యాక్టరీ పుణ్యమా అని ఊళ్ళో స్థలాలు మాలాంటివాళ్ళు అడిగే ధరల్లో లేవు. అందుకని వచ్చినవాళ్ళు వచ్చినట్టు కొండ ఎక్కారు. చదునుగా కనిపించినచోటల్లా రాళ్ళు పేర్చి రేకులు కప్పుకున్నారు. మేము పోయేసరికి మిగిలింది ఒక్క జాగా, పెద్ద రాతిగుండు కింద. ఏనుగుకు రెండింతలుండే ఆ గుండు వాలు బండ మీద, ఒక చిన్న రాయి ఆసరాతో నిలబడి ఉంది.

"ఎప్పటినుంచో అట్లే ఉండాది. ఇప్పుడు మనకోసమని పడతాదా?" అన్నాడు నాయన.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. హిందూపురంలో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. ఆ ఇంట్లో పడుకున్న మొదటి రోజు నుంచీ గుండు వైపు కాళ్ళు పెట్టుకునే పడుకున్నాను. పడితే తలైనా మిగులుతుందని.

రెండో ఏడు తుఫాను వాన పట్టుకుంది. రెవెన్యూవాళ్ళు వచ్చి పై వరస ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. అందరూ కింద బడిలోకి పోవాలన్నారు. సామాన్లు సర్దుకుంటుండగా ఇంకో మాట పాకింది. ఇంటి పట్టాల కోసం ఆ వారంలోనే సర్వే చేస్తారట. తాళం వేసిన ఇంటిని రాసుకోరట. ఆ మాట ఎవరు పుట్టించారో తెలియదు కానీ, ప్రతి ఇంట్లోనూ పగటిపూట ఒక మనిషి మిగిలిపోయాడు.

మొదటి రెండు రోజులు నాయన కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున ఆయనకు ఒళ్ళు కాలిపోతోంది. అమ్మ షిఫ్టు మానితే ఆ పనిలోకి ఇంకొకరు వచ్చేస్తారు.

"నేను పోతాలేమ్మా" అన్నాను.

అమ్మ వద్దనలేదు. వద్దంటుందని ఎదురుచూశాను. "తలుపు తీసే పెట్టుకో. ఏమన్నా సప్పుడైతే ఏమీ తీసుకోకుండా పరిగెత్తు" అని మాత్రం అంది.

పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. మామ వెల్డింగ్ షాపులో పనికి పోతాడు, అత్త ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చుట్టరికం లేకపోయినా అలాగే పిలుచుకునేవాళ్ళం. వాళ్ళ ఇంటికి ఆరోజు అత్తే కాపలా. గోడ అవతల నుంచి మిషను చప్పుడు వినిపిస్తుంటే కొంచెం ధైర్యంగా ఉండేది. అది ఆగినప్పుడల్లా లేచి గడప దాకా వచ్చేదాన్ని.

మధ్యాహ్నానికి వాన సన్నబడింది. రేకుల మీద టప్పున ఏదో పడింది. మళ్ళీ రెండు. చినుకులు కావు, గులకరాళ్ళు. బయటికి వచ్చి పైకి చూశాను. అప్పటిదాకా తేటగా కారుతున్న నీళ్ళు, ఆసరా రాయి కింద నుంచి ఎర్రగా వస్తున్నాయి. రాయి కింద మట్టి కరిగిపోతోంది.

అత్త ఇంట్లోకి పరిగెత్తాను. "అత్తా, లెయ్! కింద మన్నంతా కొట్టుకపోతాండాది!"

ఆమె గుడ్డ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "సర్వేవాళ్ళు ఇప్పుడొస్తే ఎట్ల పాపా? ఇన్నేండ్లూ బాడుగిండ్లు తిరిగి తిరిగి సచ్చినాం."

"మనం ఉంటే గదా రాసుకునేది! పా!"

చెయ్యి పట్టుకుని లాగాను. గడప దాటాక మిషను కోసం వెనక్కి తిరిగింది. జీవితంలో నేను పెద్దవాళ్ళ మీద అంత గట్టిగా అరిచింది అదొక్కసారే. ఇద్దరం జారుకుంటూ, పడుతూ దారి మలుపు దాకా వచ్చామో లేదో, వెనక నేల లోపలి నుంచి ఒక మూలుగు లాంటిది వినిపించింది. ఆసరా రాయి జారిపోయింది. గుండు జానెడు కిందికి కూలబడి, ఆగింది. దాని అంచు నుంచి తెగిన రాతిపలక ఒకటి అత్తవాళ్ళ వంటగది రేకుల్లోంచి దిగబడింది.

అత్త బురదలోనే కూర్చుండిపోయింది. నా పావడా తడిసింది వానకు మాత్రమే కాదని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

సాయంత్రం రెవెన్యూ ఉద్యోగి ఒకాయన వచ్చాడు.

"పడినప్పుడు ఇండ్లల్లో ఎవరన్నా ఉండ్రా?"

"మేం ఉంటిమి సార్" అన్నాను.

"పొమ్మని చెప్తిమి కదమ్మా? ఎందుకుండారు?"

ఆయన మా ఇళ్ళు రాసుకుంటాడా లేదా అని చేతిలోని పుస్తకం వైపే చూస్తున్నాను. రాసుకున్నాడు. పక్కన అత్త ఊపిరి వదలడం వినిపించింది.

పట్టాలు వచ్చాయి, రొద్దం వైపు ఒక బీడులో. అక్కడ నీళ్ళు లేవు, బస్సు లేదు, అమ్మ ఫ్యాక్టరీ బండి ఆ దారిన పోదు. కాగితం పెట్టెలో దాచుకుని మేము మళ్ళీ కొండ ఎక్కాం. మామ ఇనుప కమ్మీలు వెల్డింగ్ చేసి గుండుకు ఊతం పెట్టాడు. అంత పెద్ద రాయి కింద అవి పుల్లల్లా కనిపిస్తాయి. ఇప్పటికీ చిన్న చినుకు పడినా నేను బయటికి వచ్చి, నీళ్ళ రంగు చూసి గానీ లోపలికి పోను.

మొన్న వేసవిలో కదిరి వైపు నుంచి ఒక జంట వచ్చింది. మా ఇంటికీ గుండుకూ మధ్య ఇంకాస్త జాగా ఉందట, అక్కడ రేకులు వేసుకుంటారట. ఆమె ఏడో నెల కడుపుతో ఉంది. నేను ఆమెను నిలబెట్టి జరిగిందంతా చెప్పాను. పలక దిగబడిన చోటు చూపించాను. ఎర్రనీళ్ళ సంగతి చెప్పాను. ఆమె కళ్ళలో భయం కనిపించింది. చాలాసేపు గుండునే చూసింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"ఈడికి నీళ్ళ ట్యాంకరు ఏ పూట వస్తాదక్కా?"