అబద్ధం అల్లరాని మల్లయ్య

పొద్దున్నుంచీ ఒకటే ఉక్కపోత. కరోనా రెండో వేవ్ వల్ల, మేం వలసొచ్చి పనిచేసే లింబాయత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. పని లేక ఈ రోజు కార్ఖానా ఊడ్చాం. ఊడ్చాక నాతో పనిచేసే మల్లయ్య స్పీకర్ పెట్టి ఊళ్లో ఉన్న భార్యతో అరుస్తూ మాట్లాడాడు. మగ్గాల చప్పుడులో మేమందరం ఫోన్లో అలాగే అరుస్తాం. పని ఆగిందని ఆమెకు తెలియకూడదని, చప్పుడు లేకపోయినా అరిచాడు.

"పని మస్తుగున్నది లచ్చీ! ఇప్పుడు రాను!"

"ఎవలికి చెప్తున్నవ్? ఒక్క మగ్గం సప్పుడన్న ఇనబడ్తలేదు. జర మెల్లగ మాట్లాడు, గొంతు పోతది."

మల్లయ్య గొంతు తగ్గించాడు. "ఉత్తచేతులతోని ఎట్ల రావాలెనే?"

"నీకు బట్ట నేయవస్తది గని అబద్ధం అల్లరాదు. నువ్వొస్తే సాలు, రా."

మల్లయ్య మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు.

బుట్టనూ అల్లుతాం, లేని మాటనూ అల్లుతాం. 'అల్లడం' అనే మాట ముందు బుట్టకే పుట్టి ఉంటుంది. చేతులకు పని లేనప్పుడు ఎవరో దాన్ని నోటికి వాడుకున్నారేమో. మీ వైపు అబద్ధాలు చెప్పేవాణ్ణి ఏమంటారు?

మల్లయ్య సాయంత్రం రైలుకు ఊరికి వెళ్లిపోయాడు.