జింబాబ్వే మేడం

పోయిన సోమవారం పొద్దున నారాయణగూడలో బస్సు కోసం నిలబడి ఉండగా హాస్టల్ నాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "మన మేడం పోయిన్రక్కా" అంది. ఏ మేడం అని అడగలేదు. మాకు మేడం అంటే ఒక్కరే.

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో ఆవిడ మాకు ప్రపంచ చరిత్ర చెప్పేవారు. తండ్రి ఉద్యోగం వల్ల కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. పెళ్లయ్యాక భర్తతో జింబాబ్వే వెళ్లి, ఒక చిన్న ఊరి మిషన్ బడిలో చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన పోయాక తిరిగి వచ్చేశారు. మేం వెనకాల 'జింబాబ్వే మేడం' అంటామని ఆవిడకు తెలుసు. క్లాసుకు ముందు టీ బండి దగ్గర మాతో పాటే నిలబడి తాగేవారు. చాక్‌పీసు గోరంత మిగిలినా పారేసేవారు కాదు.

ఒకరోజు క్లాసులో ఒకతను లేచి, "మేడం, ఆడ తెల్లోల్ల భూములు గుంజుకున్నరు కద, న్యాయమేనా?" అని అడిగాడు.

ఆవిడ తన బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఆడపిల్లల గురించి చెప్పారు. ఒకమ్మాయి తెల్ల రైతు కూతురు. రెండో అమ్మాయి ఆ పొలంలోనే పనిచేసే కూలీల బిడ్డ. ఒకనాడు జనం ఆ పొలాన్ని ఆక్రమించుకున్నారు. రైతు కుటుంబం చేతికందిన సామాను కారులో వేసుకొని మేడం ఇంటికొచ్చింది. "నేను ఈ మట్టిలోనే పుట్టాను, ఎక్కడికి పోను?" అని రైతు భార్య ఏడ్చింది. మర్నాడు కూలీ పిల్ల తల్లి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "మా తాతల సమాధులు వీళ్ల కంచె లోపల ఉన్నాయి టీచర్. చూడాలంటే వీళ్లనే అడగాలి. మేం ఎక్కడికి పోవాలని ఎవరైనా అడిగారా?" అంది.

చివరికి ఆ పొలం పలుకుబడి ఉన్న మరొకరి పాలైంది. కూలీల గుడిసెలు కూడా పీకేశారు. పిల్లలిద్దరూ మళ్లీ బడికి రాలేదు.

"మరి మీరు ఎవరి దిక్కు మేడం?" అన్నాను. మాది పాలమూరు, సొంత భూమి లేక అమ్మానాన్నలు ముషీరాబాద్ బస్తీలో ఉండి కట్టుబడి పనులకు పోయేవారు. ఆ జవాబు నాకు కావాలి.

"ఇద్దరికీ అన్నం పెట్టానమ్మా. తెల్లవాళ్లకు నేను నల్లదాన్ని. నల్లవాళ్లకు దుకాణాలు నడిపే ఇండియా వాళ్ల జాతిదాన్ని. మధ్యలో ఉన్నాను, నాకేం సంబంధం అనుకుంటే హాయిగానే ఉండేది. కానీ నాకూ ఇక్కడ భూమి ఉంది" అన్నారు.

ఆ భూమి మా వైపుదే. వాళ్ల నాన్నగారు ఎప్పుడో ఒక దొర దగ్గర కొన్నారు. తరాలుగా దాన్ని దున్నుతున్న కుటుంబం కౌలుదారుగానే మిగిలింది. ఆవిడ వాటాకు వచ్చిన ఆ మెట్ట చెలకను వాళ్ల పేరిట రాయాలనుకున్నారు. "నాన్న కష్టార్జితం పంచిపెట్టి పేరు తెచ్చుకుంటావా?" అని నిలదీసిన తమ్ముడు ఆ తర్వాత అక్క గడప తొక్కలేదు.

ఆ కౌలు కుటుంబం ఇంటికి మేడం తోడుగా నన్ను తీసుకెళ్లారు. "ఈ భూమి మీకు ఇచ్చేస్తున్నాను" అని మేడం చెప్పగానే, ఆ ఇంటి ముసలామె తల అడ్డంగా ఊపింది.

"ఇస్తున్న అనకమ్మా. మా మామ దున్నిండు, ఆయన తండ్రి దున్నిండు. మీ నాయిన కొన్ననాడు మమ్ముల అడిగిండా? నువ్వు ఇస్తే జిందగీ అంత నీకు దండం పెట్టాలె."

మేడం ముఖం ఎర్రబడింది. "మీది మీకు అప్పగిస్తున్నాను అంటే సరిపోతుందా?" అన్నారు.

"గట్లైతే సరే."

తిరుగు బస్సులో ఆవిడే అన్నారు. "నాకు కోపం వచ్చింది తెలుసా? తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను, ఈమెకు కాస్తయినా కృతజ్ఞత లేదా అనిపించింది. తర్వాత భయమేసింది. నేను వచ్చింది ఆ దండం కోసమేనా అని."

రిజిస్ట్రేషన్ అయిన రోజు అందరం చెలకకు వెళ్లాం. జొన్న కంకి మీదుంది. నేను కొంత దూరం నడిచి వెనక్కి చూస్తే మేడం గట్టు మీదే ఆగిపోయి ఉన్నారు, చెప్పులు చేతిలో పట్టుకొని.

"ఏందమ్మా, ఆడనే నిలబడ్డవ్?" అని ముసలామె కేకేసింది.

"రావచ్చా?" అన్నారు మేడం.

ముసలామె పకపకా నవ్వింది. ఒక చేత్తో జొన్నకర్రలను పక్కకు వంచి, రెండో చెయ్యి ఆవిడ వైపు చాపింది.