మామగారి గడ్డం సబ్బు

మా మామగారు పోయారన్న కబురు బడి ఆఫీసు ఫోనుకు వచ్చింది. ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నదాన్ని సుద్దముక్క బల్ల మీద పెట్టేసి ఇంటికి పరిగెత్తాను. పదిహేను రోజులైంది. ఇప్పుడు ఆయన గురించి నాలుగు మాటలు రాయగలననిపిస్తోంది.

సత్తెనపల్లిలో ఒక జిన్నింగు మిల్లుకి ఆయన పత్తి చూసి కొనేవారు. గుప్పెట్లో పట్టి నొక్కితే చాలు, చెమ్మ ఎంతుందో చెప్పేసేవారు.

ఎస్టీడీ బూతుల దగ్గర జనం వరస కట్టే రోజుల్లో నేను కాపురానికొచ్చాను. పెరట్లో అద్దం పక్కన ఆయన గడ్డం సబ్బు బీటలు వారి కనిపించింది. ఎప్పటిదో అనుకుని పారేసి, క్రీము ట్యూబు తెచ్చిపెట్టాను. మర్నాడు పొద్దున ఆయన చెత్తబుట్టలో వెతుకుతున్నారు.

"పాతబడిపోయిందని పారేశాను మామయ్యగారూ!"

"పాతబడినంత మాత్రాన పాడవదమ్మా. వాసన చూడు," అంటూ దొరికిన సబ్బు నా చేతికిచ్చారు.

చూశాను. గంధం వాసన, కొత్తదానిలాగే.

"గడ్డం అవగానే నీళ్లు వంచేసి, మూత పెట్టకుండా ఆరనిస్తే ఏళ్లకేళ్లు ఉంటుంది. పత్తికైనా సబ్బుకైనా చెమ్మే చేటు. నీ ట్యూబయితే తెరిచాక ఏడాది, మహా అయితే రెండేళ్లు. నీళ్లు విడిపోయినా, వాసన మారినా మొహానికి రాయకూడదు."

ట్యూబునీ వృథా చెయ్యలేదు. తెరిచిన నెల దాని మీద పెన్నుతో రాసుకుని మరీ వాడారు.

కొన్నేళ్లకి పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మంగలిని పిలిపిస్తే వెనక్కి పంపేశారు. మా ఆయన్నీ దగ్గరికి రానివ్వలేదు. గడ్డం పెరిగింది. ఎవరైనా చూడ్డానికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. అలా మూడు వారాలు.

ఒక ఆదివారం వేణ్నీళ్లు, సబ్బు, కత్తి పట్టుకుని మంచం దగ్గర కూర్చున్నాను.

"కోడలివి, నువ్వు చెయ్యడమేంటే? నలుగురూ ఏమనుకుంటారు?" అంది అత్తయ్య.

"వద్దమ్మా," అన్నారాయన.

"పత్తి చూడ్డం మీకెవరు నేర్పారు మామయ్యగారూ?"

"మా మేస్త్రి."

"మొదటి రోజే వచ్చేసిందా?"

"ఎక్కడొచ్చింది! ఆర్నెల్లు తిట్లు తిన్నాను."

"నాకూ ఇది రాదు. తిట్టి నేర్పండి."

ఆయన మెల్లగా గడ్డం పైకెత్తారు.

"నురగ చాల్లేదు. ఇంకా తిప్పు. ఎదురు గియ్యకు, కిందికి లాగు." దవడ కింద కాస్త తెగింది. నా చెయ్యి ఆగిపోయింది. "గాటు పడిందని సగంలో ఆపుతారా ఎవరైనా? కానియ్యి!" అని గదిమారు. పక్షవాతం వచ్చాక ఆ గొంతు వినడం అదే మొదలు.

ఆ తర్వాత నాలుగేళ్లు రోజు విడిచి రోజు ఆ పని నాదే. బంధువులు ఎప్పుడో ఇచ్చిన ట్యూబు ఒకటి తీసిన రోజు, వాసన చూసి నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇది పాడైపోయింది." నొక్కితే ముందు నీళ్లే వచ్చాయి.

ఆ మొదటి ఆదివారమే తెల్లచొక్కా అడిగి వేయించుకున్నారు. కర్ర పట్టుకుని వీధి చివర టీకొట్టు దాకా నడిచారు. నేను వెనకే వెళ్లాను. మిల్లులో పాత స్నేహితుడు చూసి కేకేశాడు.

"ఏరా, పెళ్లిచూపులకా?"

"మా కోడలు చేసిందిరా!" అన్నారు, వీధంతా వినపడేలా. పత్తి లారీ ఒకటి హారన్ కొడుతున్నా పక్కకి తప్పుకోకుండా, ఎండలో నిలబడి, కర్ర నా చేతికిచ్చి ఎడంచేత్తో చెంప తడుముకుంటున్నారు.