ముల్లు కదిలిన మధ్యాహ్నం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు జీతం నెలకోసారి వచ్చేది, భయం మాత్రం రోజూ వచ్చేది. సైటులో ఎవరైనా నన్ను పిలిస్తే చాలు, ఏదో కూలిందనుకునేదాన్ని. (డైరీకి తప్ప ఎవరికీ పూర్తి వాక్యం చెప్పని పిల్లను ఇంజనీరును చేస్తే ఇంతే.) అలాంటి నాకు హసన్‌పర్తి అవతల వాగు మీద కట్టే చిన్న వంతెన పునాది లెక్క అప్పగించారు. అక్కడ పైళ్లు, అంటే భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు, నీళ్ల సాయంతో దిగేవి. మొన దగ్గర జోరుగా నీళ్లు వదిలితే ఇసుక కదిలి దారి ఇస్తుంది. చివరి మీటరు మాత్రం నీళ్లు ఆపి సుత్తితో కొడతారు. దించడం తేలికే. అలా చెదిరిన ఇసుక మళ్లీ స్తంభాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే చిక్కు. పుస్తకాలన్నీ తిరగేసి, పక్కల పట్టును సగానికి తగ్గించి, అప్పటికీ ధైర్యం చాలక ఇంకాస్త తగ్గించి లెక్క కట్టాను. పెద్ద సార్ కాగితం చూసి, బరువు పెట్టి పరీక్షిద్దామని, స్తంభం దిగబడితే దించినవన్నీ దండగేనని, అప్పుడు నా ఉద్యోగం సంగతి కూడా మాట్లాడుకుందామని నెమ్మదిగా అన్నారు. ఆయన కోప్పడి ఉంటే కొంత నయం.

పరీక్ష రోజున స్తంభం తల మీద జాకీ, దానిపైన ఇసుక బస్తాల గుట్ట. జాకీ బిగించేకొద్దీ స్తంభం కిందికి నొక్కుకుంటుంది. పక్కన విడిగా రెండు దిమ్మెల మీద ఒక ఇనుప దూలం, దూలానికి గడియారంలాంటి కొలత పరికరం. స్తంభం వెంట్రుక మందం దిగినా అందులో ముల్లు కదులుతుంది. పూర్తి బరువు పడింది. ముల్లు కదలాల్సినంతే కదిలి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. దిమ్మె దాటి బయటికి వచ్చిన దూలం కొస మీద కూలబడి ముల్లు వైపు చూశాను. అది చరచరా ముందుకు పోయింది. నీళ్ల పంపు నడిపే మామ సీసా అందిస్తూ, "ఏం బిడ్డా, పైలు పోతాందా, నీ పానం పోతాందా?" అన్నాడు.

నేను లేచి, మేడారం అనుకున్న దిక్కుకు (తర్వాత చూస్తే అది కరీంనగర్) దండం పెట్టి, సమ్మక్క తల్లీ, ఇది నిలబడితే నా నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కాను. (బంగారమంటే బెల్లమే, నా జీతానికి అదే ఎక్కువ.) కళ్లు తెరిస్తే ముల్లు వెనక్కి వచ్చేసింది. తల్లి విన్నదనుకున్నాను. కూర్చున్నాను, మళ్లీ ముందుకు పోయింది. లేచాను, వెనక్కి వచ్చింది. మొక్కు చాలలేదేమోనని ఒక కోడిని కూడా కలిపి కూర్చున్నాను. మళ్లీ అదే కథ. అప్పటికి గాని నా చదువు నాకు గుర్తు రాలేదు. కొస మీద నా బరువు పడితే దూలం నడుము పైకి లేస్తోంది, ముల్లు దాన్నే స్తంభం దిగినట్టు చూపిస్తోంది. ఇదంతా చెబితే పెద్ద సార్ ముందు దూలం కొసను, తర్వాత నన్ను చూశారు. "దూలాన్ని ఎవలూ ముట్టకుండ చూసుడు నీ పనే కద, తల్లీ?" అన్నారు.

స్తంభం నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. ఆ సాయంత్రం, ఇందులో దేవత చేసిందేమీ లేదు కనుక మొక్కు చెల్లదని అమ్మతో వాదించాను. అమ్మ బియ్యం చెరగడం ఆపకుండానే, "మరి నిన్ను ఆ కొస మీదికెళ్లి లేపిందెవలే?" అంది. జాతరకు కాటాలో ఒకవైపు నేను, ఒకవైపు బెల్లం. (కోడి సంగతి అమ్మ అడగలేదు, నేనే గుర్తుచేశాను. భయం ఉండనే ఉందిగా.)

ఇప్పటికీ ఆ వంతెన దాటేటప్పుడు మెల్లగా అడుగులేస్తాను. లెక్క మీద నమ్మకం లేక కాదు. అప్పటి ఆ పిల్ల ఇంకా కిందెక్కడో ముల్లు వైపు చూస్తూ కూర్చుందేమో, ఉలిక్కిపడుతుందని.