రత్నంగారి ముందే మాట్లాడాలి

ఈ ఉదయం మా వీధి చివరి చర్చిలో పాటలు సాధన చేస్తున్నారు. అందరి గొంతుల అడుగున ఒక బొంగురు మగ గొంతు నిదానంగా నడుస్తోంది. నడక ఆపి కాసేపు అక్కడే నిలబడ్డాను. మా సూపరింటెండెంట్ రత్నంగారు మల్కాజ్‌గిరి చర్చిలో అలాగే పాడేవారు.

ఉమ్మడి రాష్ట్రం నాటి మాట. సికింద్రాబాదు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో నా మీద ఒక ఫిర్యాదు వచ్చింది. రత్నంగారు నన్ను పిలిచి, ముందు కూర్చోమని, ఆ కాగితం నా చేతికే ఇచ్చారు. "నీ గురించి నీ వెనక చదవడం నాకు చేతకాదయ్యా మూర్తీ," అన్నారు. ఎవరి విషయంలోనైనా ఆయన పద్ధతి అదే.

రిటైరైన కొన్నేళ్ళకు ఆయనకు వదలని దగ్గు, నడుము నొప్పి పట్టుకున్నాయి. సిగరెట్టు ముట్టని మనిషి. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆయన కొడుకునూ, ఆసుపత్రికి తోడు వెళ్ళిన నన్నూ వరండాలోకి పిలిచి, ఊపిరితిత్తుల క్యాన్సరు ఎముకలకు పాకిందని చెప్పాడు. నాన్నకు మాత్రం టీబీ అని చెబుదాం అంకుల్ అంటూ కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు. అంతలోనే లోపల్నుంచి దగ్గు, దాని వెనకే రత్నంగారి మాట వినిపించాయి.

"మీటింగు నా గురించేగా డాక్టరుగారూ. నన్ను మంచం మీద వదిలేసి వరండాలో పెట్టారేం?"

డాక్టరు లోపలికొచ్చి కూర్చున్నాడు. పూర్తిగా నయం కాదన్నాడు. సెలైన్లో ఎక్కించే కీమో పనిచేస్తే ఆయుష్షు కొన్ని నెలలు పెరగవచ్చు, కానీ నీరసం, వాంతులు ఉండొచ్చు. నడుముకు రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గవచ్చు. అవేవీ వద్దనుకున్నా నొప్పికీ ఆయాసానికీ మందులిస్తూ చూసుకుంటామన్నాడు. ఒక్కొక్కటీ ఏమిస్తుందో, ఏం తీసుకుంటుందో రత్నంగారు అడిగి తెలుసుకున్నారు. ఆయన భార్య రూతమ్మగారు అన్నీ చేయించాల్సిందేనన్నారు. ఆయన ఆలోచించి, ముందు రేడియేషన్, తర్వాత కీమో రెండు విడతలు, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందామన్నారు.

నొప్పి తగ్గింది. కీమోకు గడ్డ తగ్గలేదు, మనిషే తగ్గిపోయారు. ఇక చాలన్నారు. రూతమ్మగారు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నొప్పి మళ్ళీ తిరగబెట్టి డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాసిస్తే, మత్తుమందని ఆమె బీరువాలో దాచేశారు.

"జన్మలో కల్లు చుక్క ముట్టలేదు రూతూ. దేవుడే చీటీ రాయించి ఇప్పిస్తుంటే మధ్యలో నువ్వు అడ్డమా?" అన్నారాయన. ఆమె ఏడుస్తూనే నవ్వి, మాత్ర తెచ్చి ఇచ్చారు.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు ఆయన చర్చికి వచ్చి కూర్చున్నారు. పాడలేక పెదవులు మాత్రం కదిపేవారు. చివరికి ఇంట్లోనే, రూతమ్మగారి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు.

పోయిన నెల నా ఎక్స్‌రే చూసి డాక్టరు మా అమ్మాయిని బయటికి రమ్మని సైగ చేశాడు. అది లేవలేదు. కుర్చీ నా పక్కకు జరుపుకుని, "నాన్నగారికే చెప్పండి డాక్టర్. నేనూ వింటాను," అంది.