ముందు చక్రాలు లాగని జీపు

రిటైరైన డ్రైవరు శాలేము రాజుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలు పోసే రత్నమ్మ చెంబులో వేలు ముంచి చూడనిదే పాలు పోయించుకోడు. డీజిల్ బంకులో కొట్టేవాడి చేతుల వైపే చూస్తాడు గానీ, పాపం వాడి మొహం ఎట్లుంటుందో ఈయనకు ఇంతవరకూ తెలీదు. చర్చిలో అందరూ కండ్లు మూసుకోని ప్రార్థన చేస్తావుంటే ఈయన ఒక కన్ను తెరిచి బయట విడిచిన చెప్పుల మీద పెట్టింటాడని మదనపల్లెలో మిషన్ కాంపౌండు చుట్టుపక్కల చెప్పుకోని నవ్వుకుంటారు. అట్లాంటి మనిషి నమ్మింది పెండ్లాం ఇందిరను, పాత జీపును, పుంగనూరులో ఆ జీపును బాగుచేసే మునిరత్నాన్ని. అంతే, ఇంకెవుర్నీ లేదు.

ఆ జీపు ఒకప్పుడు ఆసుపత్రిది. పల్లెలకు మందులు మోసే ఆ బండికి రాజు డ్రైవరు, ఇందిర నర్సు. కొండదారుల్లో ఒకే బండిలో తిరిగీ తిరిగీ ఇద్దరికీ మనసులు కలిసినాయి, పెండ్లయింది. బండి ముసలిదైపోయిందని ఆసుపత్రోళ్ళు వేలం వేస్తే, రాజు ఎవుర్నీ అడక్కుండా పాడుకోని ఇంటికి తోలుకొచ్చేసినాడు. రిటైరైనా మొగుడూ పెండ్లాలు ఆ పని మానలేదు. నెలకొక బుధవారం, చర్చి వాళ్ళు కూడబెట్టి కొనిచ్చే మందులు వేసుకోని, పుంగనూరు మీదుగా కుప్పం దాటి, తమిళనాడు అంచున కొండమీదుండే ఒక పల్లెకు పోతారు. బీపీకీ, చక్కెరకీ, మూర్ఛలకూ మాత్రలు. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. పైకి బంకమట్టి, గుండ్రాళ్ళు. నాలుగు చక్రాలూ లాగే బండి తప్ప ఇంకోటి ఎక్కదు. రాజు పోకపోతే ఆ నెల పైనోళ్ళకు మందుల్లేనట్టే.

ఆ వారం బాగా వాన పట్టింది. ప్రయాణానికి ముందు బండిని ఒకసారి చూసుకునే అలవాటు కాబట్టి, శనివారం ఇంటి వెనక బురద దిబ్బ మీదికి తోలినాడు. ఫోర్ వీల్ రాడ్డు వేసి యాక్సిలేటరు తొక్కినాడు. వెనక చక్రాలు బురద చిమ్ముతా గిర్రున తిరిగినాయి. ముందువి రెండూ పెండ్లికొచ్చిన చుట్టాల మాదిరి కూర్చున్నచోట కూర్చున్నాయి. రాడ్డు తీసి మళ్ళీ వేసినాడు. అదే తంతు. ఇంకా నాలుగు రోజులు కూడా లేదు ప్రయాణానికి.

మొదట రాడ్డునే అనుమానించినాడు. కాళ్ళకింద రేకు ఊడదీసి చూస్తే అది సుబ్బరంగా పడతాంది. బండి కిందికి దూరి ముందు షాఫ్టును పట్టుకోని ఊపినాడు. అదీ గట్టిగానే ఉండాది. ముందు చక్రాలకు ఒక్కోదాని నడిమధ్యలో చేత్తో తిప్పే లాకులుంటాయి, అవి వేస్తేనే ఇంజను బలం చక్రానికి అందేది. కుడి చక్రం కాడ కూర్చోని చూసినాడు, వానలు మొదలైనప్పుడు వేసిన లాకు వేసినట్టే ఉంది. ఇక ముందు భాగాన్ని జాకీలతో పైకెత్తి కుడి చక్రాన్ని చేత్తో తిప్పినాడు. బండి బాగుంటే ఇది ముందుకు తిరిగితే ఎడమది వెనక్కి తిరగాల. ఎడమది ఇసుమంతైనా కదల్లేదు.

అంటే రోగం రెండు చక్రాల నడుమ ఉండే హౌసింగులో, దాని లోపలి గేర్లలో ఉండాది. ఆ హౌసింగు ఆయిలు కారతాందని పోయిన నెల విప్పిందెవరు? మునిరత్నం. కొండకు పోయొచ్చిన మరుసటి వారమే గదా విప్పింది! ఆ పేరు తట్టేసరికి రాజు చక్రం మీద చెయ్యి పెట్టుకోని అట్లే కూర్చుండిపోయినాడు.

ఇక అనుమానానికి కాళ్ళొచ్చినాయి. హౌసింగు విప్పిన పొద్దు మునిరత్నం షెడ్డులో ఇట్లాంటి జీపే ఇంకొకటి నిలబడి ఉన్నింది, గంగవరం రైతుది. ఈయన టీ తాగి తిరిగొచ్చేసరికి ఇందిరా, మునిరత్నమూ ఒక పక్కన గుసగుసగా మాట్లాడుకుంటాన్న్యారు, ఈయన్ను చూసి టక్కున ఆపేసినారు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు మాత్రం అంతా అద్దంలో మాదిరి కనపడింది. నా బండి మంచి గేర్లు తీసి గంగవరం జీపుకు వేసినాడు, వాళ్ళ పాడైపోయినవి నాకు తగిలించినాడు, ఇందిరను ఏవో తియ్యటి మాటల్లో పెట్టినాడు. అంతే, అన్నం సయించలేదు. ఈ నెలకు మానుకుందాము, మందులు కుప్పం దాకా ఎవురితోనన్నా పంపిద్దామని ఇందిర మెల్లగా అంటే, నువ్వు యాల వాన్ని వెనకేసుకొస్తాండావని కసిరినాడు.

ఫోను చేస్తే సోమవారం పొద్దున్నే మునిరత్నం పుంగనూరు నుంచి బైకు మీద వచ్చినాడు. చొక్కా విప్పి బండి కిందికి దూరినాడు. హౌసింగు మీద తట్టి చూసినాడు. తర్వాత ఎడమ చక్రం కాడ కూర్చోని, గుడ్డతో మధ్యలో మట్టి తుడిచినాడు. చెయ్యి అట్లే ఆగిపోయింది. తలెత్తి మెట్ల మీద కాఫీ గ్లాసుతో నిలబడిన ఇందిర వైపు చూసినాడు. ఆమె తల దించుకుంది. రాజు ఆ చూపులు పట్టుకున్నాడు, కానీ తనకు కావాల్సిన అర్థమే తీసుకున్నాడు.

మునిరత్నం లేచి చేతులు తుడుచుకున్నాడు. "తప్పు నాదేలే రాజన్నా. లోపల సరిగ్గా కూర్చోబెట్టినట్టు లేను. ఈ బుధవారం మాత్రం కొండకు పోవద్దు."

"తప్పు కాదప్పా అది," అన్నాడు రాజు. "దొంగతనం. మంచి గేర్లు గంగవరం బండికి వేసుకున్న్యావు."

మునిరత్నం ఇన్నేండ్లుగా ఆ జీపుకు ఏం జబ్బు చేసినా రాత్రీ పగలూ చూడకుండా లేచి వచ్చిన మనిషి. ఒక్క మాటన్నా ఎదురు చెప్పలేదు. చొక్కా వేసుకున్నాడు, కాఫీ ముట్టకుండా బైకు తీసుకోని వెళ్ళిపోయినాడు. చూసినావా, దొరికిపోయినాడు గాబట్టి మాట రాలేదు అని రాజు లోపల్లోపల గెలిచినట్టు అనుకున్నాడు.

ఇందిర గ్లాసు మెట్టు మీద పెట్టి కిందికి దిగొచ్చింది. "ఆయప్ప దొంగ కాదు. ఎడమ లాకు తిప్పేసింది నేను."

రాజుకు మొదట అర్థమే కాలేదు. పోయి చూస్తే నిజమే, లాకు తీసేసి ఉండాది. ఆసుపత్రి రోజుల్లో బురద తగలంగానే ఇద్దరూ చెరో పక్క దిగేవాళ్ళు. డ్రైవరు పక్క లాకు ఆయనది, నర్సు పక్క లాకు ఆమెది. పెండ్లయినా, తల నెరిసినా అదే పద్ధతి నడిచింది. ఇన్నేండ్లలో ఎడమ చక్రం కాడ రాజు ఒక్కసారి వంగింది లేదు. అందుకే శనివారం గూడా కుడిది మటుకు చూసుకోని లాకులు చూసేసినాననుకున్నాడు. ఒక పక్కది వదిలేస్తే ముందు రెండు చక్రాలకూ బలం అందదని ఆమెకు నేర్పింది గూడా ఈయనే.

ఇందిర ఆపకుండా చెప్పింది. మొదట మునిరత్నాన్నే అడిగిందంట, బండిలో ఏదో ఒకటి చెడగొట్టు అప్పా, ఈయన తోలకుండా ఉంటే చాలని. రాజన్న బండికి నా చేత్తో కీడు చెయ్యలేనక్కా అని ఆయన కరాఖండిగా చెప్పేసినాడంట. షెడ్డులో గుసగుస అదే. ఇక గతిలేక శుక్రవారం తనే వంగి తిప్పేసింది.

"యాల?" అన్నాడు రాజు. గొంతు పెద్దగానే వచ్చింది.

"పోయిన నెల కొండ దిగి తిరిగొచ్చేటప్పుడు నీ కండ్లు తెరిచే ఉండాయి, నువ్వు మాత్రం లేవు. పిలిస్తే పలకలే. స్టీరింగు నేను పట్టుకున్న్యా. నీ కాలు యాక్సిలేటరు మీదనుంచి దానంతటదే జారింది గాబట్టి బతికిపోయినాము. కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్ళీ తోలినావు."

అబద్ధం అనుకున్నాడు మొదట. ఎవరి మొహంలోనైనా వెతికినట్టే ఆమె మొహంలోనూ వెతికినాడు. దొరకలేదు. అప్పుడు ఆ పొద్దు ప్రయాణాన్ని మనసులో తిరగేసుకున్నాడు. గంగవరం దాటింది గుర్తుండాది. పుంగనూరులో టమోటా లారీలు అడ్డం వచ్చింది గుర్తుండాది. నడుమ పెద్దపంజాణి ఎంత వెతికినా లేదు. ఊరికి ఊరే లేదు. జీవితంలో మొదటిసారి తన మీద తనకే అనుమానం పుట్టింది, ఆ అనుమానం తక్కినవాటి మాదిరి కోపం తెప్పించలేదు, భయం పుట్టించింది.

"నాతో చెప్పిండొచ్చు గదా," అన్నాడు.

"చెప్తే నమ్ముతావా? డాక్టరూ నేనూ కుమ్మక్కయినామంటావు. నర్సును నేను, మూర్ఛలోళ్ళను ఎంతమందిని చూళ్ళేదు? బండిలో ఒకనాడు నా పక్కనే సచ్చిపోతావని భయమైందప్పా. నాకేం దావ దొరకలే, అది చేసినా." ఆమె కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. దొంగ అన్న మాట ఇంకా వాకిట్లోనే ఉండాది, దాన్ని అన్నది తనే.

ఫోను తీసి మునిరత్నానికి చేసినాడు. అంత తొందరగా ఎత్తలేదు.

"ఎడమ లాకు చూసినా మునిరత్నం. ఇందిర అంతా చెప్పింది. నా నోరు మంచిది కాదు, క్షమించు. ఈ పొద్దే డాక్టరు కాడికి పోతా. నేనింక బండి తోలను." ఆ మాట వెనకనే అడిగినాడు, "బుధవారం నువ్వు తోలతావా? పైనోళ్ళకు మందులు పోవాల."

అవతల షెడ్డులో ఎవరో రేకు కొడతాండే చప్పుడు వినిపించింది.

"దొంగ చేతికి బండిస్తావా రాజన్నా?" అన్నాడు మునిరత్నం. నవ్వలేదు.

రాజు ఎడమ చక్రం కాడ వంగి లాకు వేసినాడు.

"బుధవారం పొద్దున్నే వస్తా," అన్నాడు మునిరత్నం చివరికి. "ఆ కొండ మీదోళ్ళ కోసం వస్తా. నీ కోసం కాదు." ఆ మాట చెప్పి ఫోను పెట్టేసినాడు.