చంకలో వేడెక్కిన బొటనవేలు

పొద్దున్నే పాలు తాగకముందు ఆయిటా నేలమాళిగలోకి దిగుతుంది. లైటు వేయదు. తడుముకుంటూ సైకిలు దగ్గరికి వెళ్లి, కుడిచేతి బొటనవేలిని చంకలో పెట్టుకుని ఓ నిమిషం నిలబడుతుంది. తర్వాత ముందు టైరు నొక్కుతుంది, వెనక టైరు నొక్కుతుంది, పైకొచ్చి పాలు తాగుతుంది. పదేళ్ల వయసులో మొదలైన అలవాటిది.

వేలిని చంకలో వెచ్చబెట్టుకోవడం వాళ్ల తాత తుమాష్ నేర్పాడు. ఆయన నలభై వేసవులు కొండ మీది పాకలో జున్ను చేశాడు. బల్లల మీద పేర్చిన జున్ను చక్రాలను రోజూ తిప్పుతూ, బొటనవేలితో నొక్కి ఏది పండిందో, ఏది ఇంకా పచ్చిగా ఉందో చెప్పేవాడు. చలికి మొద్దుబారిన వేలికి మెత్తనిదీ గట్టిదీ ఒకేలా తగులుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆయన కొడుకు జొన్, అంటే ఆయిటా తండ్రి, లోయలో పసుపుపచ్చ బస్సు నడుపుతాడు. ఆయన మాత్రం గాలి మీటరులో అంకె చూస్తే తప్ప దేన్నీ నమ్మడు.

"నీ వేలి మీద అంకెలేమైనా రాసున్నాయా నాన్నా?" అనేవాడు జొన్.

"నీ మీటరుకు చర్మం ఉందేంట్రా?" అనేవాడు తాత.

ఇద్దరి మధ్యా ఆయిటాకు ఒకే సందేహం ఉండేది. వేలు ఒకటి చెప్పి, మీటరు ఇంకొకటి చెబితే అప్పుడెలా? ఆర్దెట్స్ ఊళ్లో వాళ్ల ఇంట్లో అలాంటి రోజు ఎప్పుడూ రాలేదు. వేలు మెత్తగా ఉందంటే మీటరూ అదే చూపించేది.

ఆమెకు పదమూడేళ్లు నిండిన ఏడు, సెప్టెంబరులో, కనుమకు అవతలి లోయలో పిల్లల కొండ సైకిలు పందెం జరిగింది. ఆమె వయసు ఆడపిల్లలు నలభై ఆరుగురు వచ్చారు. అందులో మొదటి పదిహేనుమందిని ప్రాంతీయ జట్టులోకి తీసుకుంటామని ముందే చెప్పారు. జట్టులోకి వెళ్తే చలికాలమంతా శిక్షకుడి దగ్గర సాధన చేయవచ్చు. అంతకుముందు పందెంలో ఆయిటా పంతొమ్మిదోది. వచ్చే ఏడాది పెద్దపిల్లల గుంపులోకి మారిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

శనివారం నేర్పు పరీక్ష. సన్నటి పలక మీద, ఊగే బల్ల మీద, దుంగల మీదుగా సైకిలు దిగకుండా పోవాలి. కాలు నేలకు తగిలితే ఒక తప్పు. కాగితాల అట్ట పట్టుకున్న ఒకావిడ పక్కనే నడుస్తూ తప్పులు రాసుకుంటుంది. ఆదివారం పందెంలో ఎవరు ఏ వరసలో నిలబడాలో ఆ తప్పులే తేలుస్తాయి. వరసకు ఎనిమిది మంది. అడవిలోకి వెళ్లే బాట ఒక్క సైకిలు పట్టేంతే ఉంటుంది కాబట్టి, వెనక వరసలో ఉన్నవాళ్లు మొదటి ఐదు నిమిషాలు ముందువాళ్ల వీపులు చూస్తూ నిలబడాల్సిందే. ఆయిటా ఊగే బల్ల మీద ఒక్కసారే కాలు పెట్టింది. తొమ్మిదో స్థానం, అంటే రెండో వరస. ఆ సాయంత్రం సైకిలు క్లబ్బు గుడారంలో యవల సూపు తాగుతూ జొన్ అందరికీ ఆ మాటే చెప్పాడు. "రెండో వరస! మా పిల్ల రెండో వరస!"

"ఊరుకో నాన్నా, వంటావిడకి మూడుసార్లు చెప్పావ్," అంది ఆయిటా.

ఆ రాత్రి ఆయిటా, జొన్, తాత ముగ్గురూ వ్యానులో పడుకున్నారు. అంతకుముందు పందెంలో ఎవరివో రెండు సైకిళ్లు పోయాయని, జొన్ ఆయిటా సైకిలును కూడా లోపలికే ఎక్కించాడు. హీటరు పెట్టారు. పొద్దున ఏడింటికి, వెచ్చటి వ్యానులోనే, జొన్ మీటరు చూసుకుంటూ టైర్లలో గాలి సరిచేశాడు. ఒకటి పాయింట్ ఒకటి బార్. అంత తేలికపాటి పిల్లకు అంతే సరిపోతుంది. అంతకంటే తగ్గితే చెట్టు వేళ్ల మీద టైరు నలిగి, గాలి పక్కనుంచి పోతుంది.

బయట గడ్డి మీద మంచు తెల్లగా పట్టి ఉంది.

జొన్ అదనపు చక్రం భుజాన వేసుకుని, పంపు పట్టుకుని అడవిలోకి వెళ్లిపోయాడు. పందెం మధ్యలో ఎవరికి సాయం కావాలన్నా గీతలు గీసిన ఒకే చోట చేయాలి, తండ్రులంతా అక్కడ ఉండాలి. తాత తుమాష్ మాత్రం ఆవు మెడగంట ఒకటి పట్టుకుని బయలుదేరే చోట కంచె పక్కన నిలబడ్డాడు.

పేర్లు పిలిచి వరసల్లో నిలబెట్టాక ఇంకా పావుగంట ఉంది. చేయడానికి ఏమీ లేక ఆయిటా అలవాటుగా ముందు టైరు నొక్కింది. మెత్తగా ఉంది.

మళ్లీ నొక్కింది. మెత్తగానే ఉంది. వేలు చల్లబడిందేమో. చేతి తొడుగు తీసి, జిప్పు దించి, బొటనవేలిని చంకలో పెట్టుకుంది.

"ఏంటది, చంకలో ఏం దాచావ్?" అంది పక్కనున్న అమ్మాయి. పొడవాటి జడ, సన్నటి కాళ్లు. పేరు మద్లైనా. పక్క లోయది.

"వేలు."

"ఎందుకు?"

"నొక్కడానికి." ఆయిటా వేలు తీసి టైరు నొక్కింది. సందేహమే లేదు. నాన్న పెట్టిన గాలి ఇది కాదు. వంగి మద్లైనా టైరు కూడా నొక్కింది.

"ఏయ్! నా టైరెందుకు పిసుకుతున్నావ్?"

"నీదీ మెత్తబడింది. రాత్రి సైకిలెక్కడ పెట్టావ్?"

"గదిలో. మంచం పక్కన."

"వెచ్చగా ఉందా?"

"ఊపిరాడనంత. మా అమ్మకి చలి. నువ్వేం పోలీసువా?"

ఆయిటాకు అప్పుడు వెలిగింది. తమ నేలమాళిగ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. గాలి చల్లగా ఎక్కేది, చల్లగానే ఉండేది. ఈ ఒక్క రాత్రే సైకిలు వెచ్చగా పడుకుంది. టైరులో గాలి ఎక్కడికీ పోలేదు, చలికి ముడుచుకుంది. మీటరు చెప్పిందీ నిజమే, వేలు చెప్పేదీ నిజమే.

కానీ పంపు కావాలంటే కంచె దాటాలి. ఒకసారి వరస వదిలితే తిరిగొచ్చి చిట్టచివర నిలబడాలి. రెండో వరస కోసం నిన్న ఊగే బల్ల మీద ఊపిరి బిగబట్టింది.

"తాతా!" అని పిలిచింది. "టైరు మెత్తబడింది!"

"వేలు వెచ్చబెట్టుకున్నావా?"

"ఊఁ."

"మరి నన్నడుగుతావేంటి తల్లీ?"

ఎనిమిది నిమిషాలు ఉంది. ఆయిటా సైకిలెత్తుకుని వరసలోంచి బయటికొచ్చింది. కంచె పక్కన మద్లైనా వాళ్లమ్మ చేతిలో పంపుంది. ఆవిడ వెంటనే ఇచ్చింది. తర్వాత తన కూతురి వైపు తిరిగి, "నువ్వూ రావే!" అని కేకేసింది.

"రెండో వరస వదిలేసి రావాలా? పిచ్చి పట్టిందా అమ్మా!" అంది మద్లైనా. కదల్లేదు.

ఆయిటా చివరి వరసలో, నలభై ఆరో సైకిలుగా బయలుదేరింది.

మొదటి చుట్టులో అడవి బాట దగ్గర నిలబడిపోయింది. ముందున్న పిల్లలు ఒకరికొకరు అడ్డుపడుతుంటే, సైకిలు భుజాన వేసుకుని నడిచింది. రెండో చుట్టులో బాట ఖాళీ అయింది. తడి చెట్టు వేళ్ల మీద ఇద్దరు పడ్డారు. ఒకమ్మాయి గాలి పోయిన టైరుతో సైకిలును తోసుకుంటూ నడుస్తోంది. ఆయిటా టైర్లు వేళ్ల మీద నలగకుండా, ఎగిరిపడకుండా పోయాయి. రాళ్ల దిగుడులో నలుగురిని దాటింది. "హొప్, హొప్, హొప్!" అని తాత గంట ఊపుతున్నాడు. "ఇరవై మూడో స్థానం! ఇరవై మూడు!" అని జొన్ గీతల దగ్గర నుంచి అరుస్తున్నాడు. మూడోదీ ఆఖరిదీ అయిన చుట్టులో, ఎంతమందిని దాటిందో ఆమెకు లెక్క తప్పింది. ముగింపు గీత దాటి గడ్డిలో పడుకుంది.

పదహారో స్థానం.

జొన్ ఆమె పక్కన కూర్చుని హెల్మెట్టు విప్పాడు. "వరసలోనే ఉండుంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

"ఉండుంటే టైరు పోయేదేమో," అంది ఆయిటా. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ చూపు ఎవరికోసమో వెతుకుతోంది. "మద్లైనాకి ఎన్నో స్థానం వచ్చింది?"

"నాలుగు," అన్నాడు జొన్ ఫలితాల కాగితం చూసి.

ఆయిటా లేచి కూర్చుంది. "టైరు పోలేదా?"

"పోలేదు."

"ఎందుకు పోలేదు?"

జొన్‌కు తెలియదు. తాతకూ తెలియదు. ఆయిటా తండ్రి జేబులోంచి మీటరు లాక్కుని, కాళ్లీడ్చుకుంటూ పక్క గుడారానికి వెళ్లింది. మద్లైనా అక్కడ గింజలు కూరిన తీపి టార్టు తింటూ కూర్చుంది.

"మళ్లీ పిసుకుతావా?" అంది.

"మీటరు పెట్టనీ. ఒక్కసారి."

ఎండ వచ్చాక కూడా అంకె ఒకటి దాకా రాలేదు. అంత మెత్తటి టైర్లతోనే మద్లైనా మూడు చుట్లూ తిరిగింది.

"నీ బరువెంత?"

"ముప్ఫై నాలుగు. ఎవరైనా అలా అడుగుతారా?"

"నాది నలభై రెండు. చెట్టు వేళ్ల మీద నువ్వు సీటు మీంచి లేచి నిలబడతావా, కూర్చుంటావా?"

"నిలబడతా. ముందు చక్రాన్ని ఎత్తేస్తా." మద్లైనా లేచి గడ్డి మీద చేసి చూపించింది. "ఇలా. నువ్వెలా పోతావ్?"

ఆయిటా చూపించింది.

"అబ్బ, బస్తాలా కూర్చుంటావేంటి! అందుకే నీకు అంత గాలి కావాలి," అని మద్లైనా నవ్వింది. తర్వాత తన టార్టులో సగం విరిచి ఇచ్చింది. "మిగతావాళ్లవి కూడా కొలుద్దామా?"

బహుమతులిచ్చే దాకా ఇద్దరూ గుడారం గుడారం తిరిగారు. ముందు ఆయిటా వేలితో నొక్కి అంకె చెప్పేది, తర్వాత మద్లైనా మీటరు పెట్టి చూసేది. సైకిలు రాత్రి ఎక్కడ పడుకుందని ప్రతి ఇంటివాళ్లనీ అడిగి పందెం కాగితం వెనక రాసుకున్నారు. ముప్ఫై ఒక్క సైకిళ్లు. ఇరవై ఆరింటిలో వేలు సరిగ్గానే చెప్పింది. జట్టులోకి ఎంపికైన పదిహేనుమంది పేర్లు మైకులో చదువుతున్నప్పుడు ఆయిటా ఒక కారు వెనక వంగి ఎవరిదో టైరు నొక్కుతోంది. చదవడం ఆగేదాకా అలాగే వంగి ఉంది.

ఇంటికి వెళ్లేటప్పుడు సైకిలును వ్యాను వెనక బయటే కట్టారు. కనుమ మీద జొన్ బండి ఆపి, ఎవరూ అడక్కుండానే దిగి, బొటనవేలిని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తాత కిటికీలోంచి చూశాడు.

ఇప్పుడు ఆయిటాకు ఇరవై రెండేళ్లు. దగ్గరి ఊరు జెర్నెట్స్‌లో సైకిళ్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తోంది. ఆమె బల్ల పైన గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి గాలి మీటరు, రెండోదానికి ఉష్ణమాపకం వేలాడుతుంటాయి.